పరదేశంలో పరిచర్య, మన సొంత విశ్వాసం: తరచుగా అడిగే ప్రశ్నలు

స్వల్పకాల మిషన్ యాత్రకు విదేశం వెళ్లబోయేవారు, ప్రస్తుతం అక్కడ ఉన్నవారు, వెళ్లి తిరిగివచ్చినవారు అడుగుతుండే ప్రశ్నలివి. టీకాలు, సామాను, ప్రయాణ పత్రాల వివరాలు యాత్ర ఏర్పాటు చేసేవారు ఎలాగూ చెబుతారు కాబట్టి వాటి జోలికి పోలేదు. పరిచర్యకు వెళ్లినవారి సొంత విశ్వాసం ఆ రోజుల్లో ఏమవుతుంది, దాన్ని ఎలా చూసుకోవాలి అన్నదే ఇక్కడి విషయం.

మిషన్ యాత్రకు వెళ్లివస్తే విశ్వాసం దానంతట అదే బలపడుతుందా?

బలపడదు. యాత్ర చేసే పని వేరు. అప్పటికే మనలో ఉన్న విశ్వాసం ఎంతటిదో అది బయటపెడుతుంది. ఉన్నచోట మన భక్తికి ఊతలు చాలా ఉంటాయి. ఆరాధన వేళకు జరుగుతుంది, పాటలు కంఠతా వచ్చు, పక్కన కూర్చునేవారు తెలిసినవారే, రెండు వారాలు కనబడకపోతే ఫోన్ చేసి అడిగే కాపరి ఉంటాడు. ఈ ఊతలన్నీ ఒక్కసారిగా తీసేసి, నిద్ర చాలని, భాష తెలియని చోట పదిమందితో ఒకే గదిలో ఉండమన్నప్పుడు మనలో ఏది మిగులుతుందో అదే మన సొంతం.

దీనికి మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ కన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. ఆయన 1735లో ఇంగ్లండు నుండి అమెరికాలోని జార్జియాకు మిషనరీగా బయలుదేరాడు. అప్పటికే అభిషిక్త గురువు, ఉపవాసాలు, ప్రార్థనా నియమాలు కచ్చితంగా పాటించే మనిషి. 1736 జనవరిలో నడిసముద్రంలో తుఫాను వచ్చి పెద్ద తెరచాప చిరిగిపోయినప్పుడు ఓడలోని ఆంగ్లేయులు కేకలు పెడుతుంటే, అదే ఓడలో ఉన్న మొరేవియన్ విశ్వాసులు (జర్మనీ నుండి వచ్చిన ఒక ప్రొటెస్టంట్ శాఖవారు) మొదలుపెట్టిన కీర్తనను ఆపకుండా పాడుతూనే ఉన్నారు. మీకు భయం వేయలేదా అని వెస్లీ తరువాత వారిలో ఒకరిని అడిగితే, దేవునికి స్తోత్రం, వేయలేదు అన్నాడట. మీ స్త్రీలు, పిల్లలు భయపడలేదా అంటే, మా స్త్రీలకూ పిల్లలకూ చావంటే భయం లేదన్నాడట. వెస్లీకి భయం వేసింది. ఆ సంగతిని ఆయన దాచుకోలేదు. జార్జియాలో పరిచర్య అన్ని విధాలా చెడి, రెండేళ్లు తిరగకుండానే వెనక్కి వస్తూ 1738 జనవరిలో తన దినచర్యలో రాసుకున్నదాని సారం ఇది: ఇండియన్ల (అమెరికా ఆదివాసుల) మనసు మార్చడానికి అమెరికా వెళ్లాను, కానీ నా మనసు మార్చేదెవరు?

ఆ ఏడాదే మే 24న, లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన ఒక చిన్న కూడికలో, రోమా పత్రికకు సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన ముందుమాటను ఎవరో చదువుతుండగా తన హృదయం వింతగా వెచ్చబడిందని ఆయన సాక్ష్యం. వెచ్చబడింది లండన్‌లోనే, నిజమే. అయితే ఆ హృదయం చల్లగా ఉందని ఆయనకు తెలిసివచ్చింది మాత్రం సముద్రం మీద. మిషన్ యాత్ర నుండి ఆశించదగినది ఇదేనని, ఇది తక్కువేమీ కాదని నా అభిప్రాయం.

నా విశ్వాసమే బలహీనంగా ఉంది. అలాంటి నేను వెళ్లవచ్చా?

బలహీనత అడ్డం కాదు, దాపరికం అడ్డం. ప్రార్థన చేయాలనిపించడం లేదని, కొన్ని సందేహాలు తీరలేదని బృంద నాయకునితో ముందే చెప్పగలిగితే వెళ్లవచ్చు. ఆయన మీకు తగిన పని ఇస్తాడు, లేదా ఈసారికి ఆగమంటాడు. చెప్పకుండా వెళితే, లేని వేడిని ఉన్నట్టు చూపడానికే రోజూ సగం శక్తి పోతుంది.

ఆగవలసిన సందర్భాలూ ఉన్నాయి. దగ్గరివారిని పోగొట్టుకుని ఇంకా తేరుకోనివారు, ఇంటిలో తేల్చుకోవలసిన గొడవ నుండి తప్పించుకోవడానికి విమానం ఎక్కుతున్నవారు, కొంతకాలం ఆగడం మంచిది. యోనా ఓడ ఎక్కింది కూడా దూరంగా పోవడానికే. చోటు మారినంత మాత్రాన దేవుడు అడిగే ప్రశ్న మారదు.

బయలుదేరే ముందు ఎలా సిద్ధపడాలి?

అంతియొకయలోని సంఘం బర్నబాను, సౌలును (తరువాత పౌలు) పంపిన తీరు అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయంలో మూడు వచనాల్లో ఉంది: ఉపవాసముండి, ప్రార్థించి, చేతులుంచి పంపారు. అక్కడ గమనించవలసింది, వెళ్లాలని నిశ్చయించుకున్నది ఆ ఇద్దరే కాదు. పరిశుద్ధాత్మ మాట విన్నది, పంపినది సంఘం. కాబట్టి టికెట్టు కొన్న తరువాత సంఘానికి కబురు చెప్పడం కాకుండా, ఆ ఆలోచన మొలకెత్తినప్పుడే కాపరితో, పెద్దలతో కూర్చోవడం మొదటి సిద్ధపాటు. మీ కోసం ప్రార్థించే ముగ్గురి పేర్లు ఖాయం చేసుకోండి. ముప్పైమంది చేస్తామన్నదాని కన్నా ముగ్గురు చేసేది ఎక్కువ ఉంటుంది.

వాక్యం విషయంలో, యాత్ర పొడవునా చదవడానికి ఒక్క చిన్న పుస్తకాన్ని ఎంచుకోండి. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగు అధ్యాయాలే. పైగా అది చెరసాలలో ఉన్న ఒక మిషనరీ తనకు సహాయం పంపిన సంఘానికి రాసిన ఉత్తరం. యాత్రకీర్తనలని పేరున్న 120 నుండి 134 వరకు గల పదిహేను కీర్తనలు ప్రయాణానికి మరీ తగినవి. వాటిలో ఒకదాన్ని కంఠస్థం చేసుకుంటే మంచిది, ఎందుకంటే అత్యవసరమైన వేళకు ఫోనులో చార్జింగు ఉండదు, గదిలో వెలుతురూ ఉండదు. వీలైతే ప్రభువు ప్రార్థనను అక్కడి భాషలో నేర్చుకోండి. ఉచ్చారణ తప్పినా ఫరవాలేదు.

రోజంతా పనే సరిపోతుంది. ఏకాంత ప్రార్థనకు సమయం ఎక్కడిది?

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో, యేసు ఇంకా చాలా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడని ఉంది. ఆ వచనాన్ని మనం విడిగా చదువుతాం. దాని ముందు రోజు సంగతి కూడా చదవాలి: కపెర్నహూములో విశ్రాంతిదినమంతా బోధ, స్వస్థతలు, ప్రొద్దుగుంకాక పట్టణమంతా వాకిటి దగ్గర కూడింది. అంత అలసట మర్నాటి ప్రార్థనే అది. పని ఎక్కువైంది గనుక ప్రార్థన మానుకున్నాం అన్న మాటకు ఆ అధ్యాయం చోటివ్వదు.

అలాగని గంటసేపు కూర్చోవాలని నియమం పెట్టుకుని రెండో రోజే విరగ్గొట్టుకోవడం కన్నా, లేవగానే పదిహేను నిమిషాలు, పడుకునే ముందు పది నిమిషాలు అని పెట్టుకోవడం నయం. కాలమానం మారిన మొదటి రోజుల్లో చాలామందికి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. ఫోను చూస్తూ ఆ సమయాన్ని పాడుచేసుకోవద్దు. పడకమీద దేవుణ్ణి జ్ఞాపకం చేసుకుని రాత్రి జాముల్లో ధ్యానించే సంగతి 63వ కీర్తనలో ఉంది. దావీదు విమానమెక్కకపోయినా నిద్ర రాని రాత్రులు ఆయనకూ తెలుసు.

ఇక బృందమంతా కలిసి చేసే ఉదయకాల ప్రార్థన ఏకాంత ప్రార్థనకు బదులు కాదు. అది అదే, ఇది ఇదే.

నోట్‌బుక్ రాయమంటారు. అందులో ఏం రాయాలి?

జరిగిన కార్యక్రమాలు రాయవద్దు. అవి నివేదికలో ఎలాగూ ఉంటాయి. పదహారో శతాబ్దంలో జెసూయిట్ సంఘ స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా తన అనుచరులకు నేర్పిన దినాంత ఆత్మపరిశీలన పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. వెలుగు కోసం అడిగి, ఆ రోజును మొదటి గంట నుండి మెల్లగా వెనక్కి తిరిగి చూసుకోవాలి: ఎక్కడ కృతజ్ఞత పుట్టింది, ఎక్కడ మనసు ముడుచుకుంది, ఎవరిమీద విసుక్కున్నాను, రేపటికి ఏమి అడగాలి. నాలుగు వాక్యాలు చాలు.

నిజం రాయడం ముఖ్యం. నా మొదటి యాత్ర నోట్‌బుక్ ఇప్పటికీ ఉంది. మొదటి రోజు మూడు పేజీలు, అన్నీ గొప్ప మాటలు. ఐదో రోజు పేజీలో పెన్సిలుతో ఒకే వరుస: "ఎండ. కోపం. ప్రార్థన చేయలేదు." కింద చెమట చేతి ముద్ర. ఆ మూడు పేజీలు మళ్లీ చదవాలని నాకెప్పుడూ అనిపించలేదు గానీ, ఆ ఒక్క వరుస దగ్గర చాలాసార్లు ఆగాను. ఆ రోజు కోపం, నా పని అనుకున్నదాన్ని వేరొకరికి అప్పగించినందుకే వచ్చిందని ఒప్పుకోవడానికి నాకు ఇంటికి వచ్చాక నెల పట్టింది.

భాష తెలియని ఆరాధనలో గంటల తరబడి ఎలా కూర్చోవాలి?

మూడు సంగతులు సహాయపడతాయి. చదవబోయే వాక్యభాగం ఏదో ముందే అడిగి తెలుసుకుని, మీ బైబిలులో అదే భాగం తెరిచి ఉంచుకోవాలి. ఆమేన్, హల్లెలూయ, యేసు పేరు దాదాపు ఏ భాషలోనైనా పోల్చుకోగలం కాబట్టి చెవిని వాటికి అప్పగించాలి. రాగం తెలిసిన పాట వస్తే మీ భాషలో మెల్లగా కలిసి పాడుకోవచ్చు. మిగిలిన సమయంలో, మాటలు అర్థం కావడం లేదు కాబట్టి మనుషులను చూడండి: ఎవరు కళ్లు తుడుచుకుంటున్నారు, ఎవరు పిల్లవాణ్ణి ఒడిలో ఊపుతూనే పాడుతున్నారు. వారి కోసం ప్రార్థించడానికి భాష అక్కరలేదు.

ఒక గృహ కూడికలో ఆ ఇంటి పెద్దావిడ నా తలమీద చేయి ఉంచి చాలాసేపు ప్రార్థించింది. చేయి గరుకుగా, బరువుగా ఉంది. దుభాషి బయట ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆ ప్రార్థనలో నాకు అర్థమైన మాట ఒక్కటే, నా పేరు. అదీ ఆమె పలికిన తీరులో కొంచెం వంకర పోయింది. ఆమె ఏమి అడిగిందో నాకు నేటికీ తెలియదు. నా గురించి నాకు తెలియకుండా దేవుని ముందు ఒక విన్నపం ఉందన్న ఊహ నన్ను ఆ తరువాత చాలా రోజులు వదల్లేదు.

భాష నేర్చుకోవడం కూడా ఒక ఆత్మీయ సాధనే, ఎందుకంటే అది మనిషిని చిన్నవాణ్ణి చేస్తుంది. 1706లో తమిళ తీరంలోని తరంగంబాడిలో దిగిన జర్మన్ మిషనరీ జీగెన్‌బాల్గ్ బడిపిల్లల మధ్య కూర్చుని ఇసుకలో అక్షరాలు దిద్దుకుంటూ తమిళం మొదలుపెట్టాడు. పది రోజుల యాత్రలో ఇరవై మాటలు నేర్చుకుని అవి తప్పు పలికి నవ్వులపాలవడానికి సిద్ధపడినా, మనలో కొంత గర్వం దిగుతుంది.

సాక్ష్యం చెప్పమని పిలుస్తారు. ఎలా చెప్పాలి?

పొట్టిగా, నిజంగా, చిన్న వాక్యాల్లో. దుభాషి ఉన్నచోట ఐదు నిమిషాల సాక్ష్యం పది నిమిషాలవుతుంది. యోహాను 9లో చూపు పొందిన గ్రుడ్డివాడు పరిసయ్యుల వాదాలన్నిటికీ ఇచ్చిన జవాబు ఒక్క వాక్యం: ఒకటి మాత్రం ఎరుగుదును, గ్రుడ్డివాడనై యుండి ఇప్పుడు చూస్తున్నాను. తెలిసినంతే చెప్పాడు.

అయితే ఈ ప్రశ్నలో దీనికన్నా విలువైన విషయం ఒకటుంది. మనం సంఘంలో పెరిగినవాళ్లం కాబట్టి కృప, రక్షణ, భారం, నడిపింపు, అభిషేకం వంటి మాటలు నోటికి అలవాటుగా వచ్చేస్తాయి. దుభాషి మాత్రం ఆగుతాడు. ముందు రోజు సాయంత్రం అతనితో కూర్చుని సాక్ష్యం చెప్పి చూడండి; "ప్రభువు నాకు భారం ఇచ్చాడు అంటున్నారు, అంటే బరువా, బాధా, బాధ్యతా? ఏది చెప్పమంటారు?" అని అడుగుతాడు. జవాబు వెంటనే రాదు. ఇన్నేళ్లుగా వాడుతున్న మాటకు నా జీవితంలో అర్థం ఏమిటని మొదటిసారి ఆలోచించవలసి వస్తుంది. కొన్ని మాటల కింద గట్టి నేల దొరుకుతుంది, కొన్నిటి కింద ఏమీ ఉండదు. ఏమీ లేదని తేలిన మాటను ఆ రాత్రికి సాక్ష్యం నుండి తీసేసి, నోట్‌బుక్‌లో రాసుకుని, దాని మీద ప్రార్థన చేయండి. విశ్వాసం లోతు పడటం అంటే నాకు తెలిసినంతలో చాలావరకు ఇదే పని. దుభాషి ఈ పనిలో మనకు తెలియకుండానే గురువవుతాడు. యాత్ర ముగిసేటప్పుడు అతనికి కృతజ్ఞత చెప్పేవారు తక్కువ.

సేవ చేయడానికి వెళ్లాం, కానీ వారే మాకు ఎక్కువ చేశారనిపిస్తోంది. ఇందులో తప్పేమైనా ఉందా?

తప్పు లేదు, మేలే ఉంది. పౌలు రోమీయులకు రాస్తూ ఆత్మసంబంధమైన వరం మీకివ్వాలని మిమ్మల్ని చూడగోరుతున్నాను అని, వెంటనే తననుతాను సవరించుకున్నట్టుగా, అంటే మీ విశ్వాసం చేత నేనూ నా విశ్వాసం చేత మీరూ కలిసి ఆదరణ పొందాలని అంటాడు. అపొస్తలుడే అలా రాసినప్పుడు పది రోజులకు వెళ్లినవారం మనమెంత? లూకా 10లో యేసు డెబ్బదిమందిని పంపేటప్పుడు సంచి, జాలె, చెప్పులు వద్దన్నాడు. ఇచ్చింది తిని తాగుతూ ఒకే ఇంట ఉండమన్నాడు. అవసరంలో ఉన్నవారుగా, అతిథులుగా పంపాడన్నమాట. మనం మాత్రం పెట్టెల నిండా సామాను మోసుకెళతాం.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య మాట్లాడారు. రెండేళ్ల తరువాత దోర్నకల్ బిషప్పుగా, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తులైనది ఆయనే. పాశ్చాత్య మిషనరీలు తమ ఆస్తులిచ్చారని, దేహాలను కాల్చబడటానికి సైతం అప్పగించారని 1 కొరింథీయులకు 13వ అధ్యాయం మాటల్లోనే ఒప్పుకుని, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. సభలో చాలామందికి ఆ మాట కష్టంగా తోచింది. తిరునెల్వేలి ప్రాంతం నుండి వచ్చి, తెలుగు నేర్చుకుని తెలుగువారి మధ్య మిషనరీగా ఉన్న మనిషి గనుక, పంపబడటంలోని బరువేమిటో, చేర్చుకోబడటంలోని హాయి ఏమిటో రెండూ ఆయనకు తెలుసు.

ఆచరణలో దీని అర్థం చాలా చిన్నది. పనులు అయ్యాక బృందంతో గుంపుగా ఉండిపోకుండా, అక్కడి విశ్వాసి ఒకరి పక్కన కూర్చుని మీరెలా ప్రార్థిస్తారు, కష్టంలో ఏ వాక్యం పట్టుకుంటారు అని అడగండి. నా కోసం ప్రార్థించండి అని అడగండి. వారు పెట్టినది తీసుకోండి. ఇవ్వడం కన్నా తీసుకోవడానికి మన గర్వం ఎక్కువగా వంగాలి.

అక్కడి పేదరికాన్ని, బాధను చూశాక దేవుని మీదే ప్రశ్నలు వస్తున్నాయి. ఏం చేయాలి?

ఆ ప్రశ్నలను దేవునికే చెప్పండి. కీర్తనల్లో విలాపాలు ఎన్నో ఉన్నాయి. 88వ కీర్తన అయితే ఓదార్పు మాట ఒక్కటైనా లేకుండా చీకటితోనే ముగుస్తుంది. అటువంటి ప్రార్థనను లేఖనంలో ఉంచినవాడు మీ ప్రశ్నకు నొచ్చుకోడు.

చేయకూడనిది ఒకటుంది. ఏమీ లేకపోయినా వారెంత సంతోషంగా ఉన్నారో అని ఒక్క మాటతో ఆ బాధను చుట్టబెట్టి సంచిలో వేసుకోవద్దు. అతిథి ఎదుట నవ్వడం మర్యాద. ఆ నవ్వు వెనుక ఏముందో వారంలో తెలిసేది కాదు. మనకున్నది తలచుకుని కృతజ్ఞత పెరిగింది అని సాక్ష్యం చెప్పేవారిని చూస్తాను. అది నిజమే కావచ్చు గానీ, ఒకరి లేమి మన భక్తికి పాఠ్యపుస్తకంగా మిగలడంలో ఏదో లోపం ఉంది. ఆ కుటుంబం పేరు గుర్తుపెట్టుకుని, పేరుపెట్టి ప్రార్థిస్తూ, అక్కడి సంఘం వారి కోసం ఏం చేస్తోందో తెలుసుకోవడం అంతకన్నా నిజాయితీ గల స్పందన.

అందరూ కన్నీళ్లతో ప్రార్థిస్తున్నారు. నాకు ఏ అనుభూతీ కలగడం లేదు. నా విశ్వాసంలో లోపముందా?

ముందు ఎన్ని గంటలు నిద్రపోయారో లెక్క చూసుకోండి. 1 రాజులు 19లో చనిపోతే బాగుండునన్న ఏలీయాకు దేవదూత ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, లేపి తిండి పెట్టి, మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ తిండి పెట్టాడు. హోరేబులో ఆ నిమ్మళమైన స్వరం వినబడింది ఆ తరువాతే.

నిద్ర తీరాక కూడా మనసు అలాగే ఉంటే ఉండనివ్వండి. మీకు అప్పగించిన పని నమ్మకంగా చేయండి. ఇంగ్లండు మిషనరీ విలియం కేరీ 1793 నవంబరులో కలకత్తా చేరితే, ఆయన పరిచర్యలో తొలి విశ్వాసి కృష్ణపాల్ బాప్తిస్మం పొందింది 1800 డిసెంబరులో. నడుమ ఏడేళ్లు, అందులో ఒక కొడుకు మరణం, భార్య మానసిక వ్యాధి. బర్మా వెళ్లిన అమెరికా మిషనరీ అడోనిరామ్ జడ్సన్ తొలి విశ్వాసికి బాప్తిస్మం ఇవ్వడానికి దాదాపు ఆరేళ్లు ఎదురుచూశాడు. ఆ ఏళ్లన్నీ వారు ప్రతిరోజూ వెచ్చగా ఉండి ఉంటారని నేననుకోను.

బృందంలోనే గొడవలు వచ్చాయి. ఇది మా సాక్ష్యానికి మచ్చ కాదా?

ముసుగు వేస్తే మచ్చ. మత్తయి 18:15 చెప్పినట్టు ముందు ఆ ఒక్కరితో ఒంటరిగా మాట్లాడండి, ఆ రోజే. ప్రార్థనాంశం పేరుతో ఇతరుల చెవిన వేయడం కొండెం చెప్పడమే.

తీవ్రమైన వాదం వచ్చి పౌలు, బర్నబా విడిపోయారు. కారణం, మొదటి యాత్రలో పెర్గే దగ్గర వదిలి వెళ్లిపోయిన మార్కు. అదే పౌలు చివరి రోజుల్లో తిమోతికి రాస్తూ, మార్కును వెంటబెట్టుకుని రా, అతడు పరిచర్య నిమిత్తం నాకు ప్రయోజనకరమైనవాడు అన్నాడు. యాత్ర మధ్యలో వెనుదిరిగినవారికి కూడా ఈ మాట చెప్పవలసి ఉంటుంది.

ఇతర మతాలవారి మధ్య, లేదా మా సంఘానికి భిన్నమైన ఆచారాలు గల క్రైస్తవుల మధ్య ఎలా మెలగాలి?

మొదట చట్టం. పర్యాటక వీసా మీద మతబోధ చేయడాన్ని అనుమతించని దేశాలున్నాయి. దేనికోసం వెళుతున్నారో వీసా దరఖాస్తులో నిజం చెప్పండి. పట్టుబడితే మీరు విమానం ఎక్కి వచ్చేస్తారు, ఇబ్బంది పడేది అక్కడే ఉండిపోయే విశ్వాసులు. అబద్ధంతో మొదలైన యాత్రలో విశ్వాసం పెరగడం కూడా కష్టం.

రెండోది గౌరవం. పౌలు ఏథెన్సులో విగ్రహాలను చూసి లోపల పరితపించినా, అరేయొపగులో నోరు తెరిచినప్పుడు వారి బలిపీఠాన్ని, వారి కవులను ప్రస్తావిస్తూ మొదలుపెట్టాడు. బలహీనుని అవసరాన్ని ఎర చేసి, సహాయం ఇస్తూ మతం మార్చుకోమనడం సువార్త కాదు.

సాటి క్రైస్తవుల విషయంలో, వారి ఆరాధన మనకు మరీ నిశ్శబ్దంగానో మరీ గోలగానో తోచవచ్చు. తీర్పు చెప్పడానికి ముందు, పేతురు వెళ్లిన రోమా శతాధిపతి కొర్నేలీ ఇంటిని గుర్తుచేసుకోండి. అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయాన్ని కొర్నేలీ మారుమనస్సు అని పిలుస్తాం గానీ, ఆ అధ్యాయంలో పేతురు మారినంతగా ఎవరూ మారలేదు.

ఫోటోలు, వీడియోలు పెట్టవచ్చా?

అనుమతి లేకుండా ఎవరివీ, ముఖ్యంగా పిల్లలవి, పెట్టవద్దు. విశ్వాసులకు ప్రమాదమున్న చోట ఊరి పేరు, ముఖాలు అసలే వద్దు. ఇక ధర్మం చేసేటప్పుడు బూర ఊదవద్దన్న మత్తయి 6వ అధ్యాయం మన ఫోన్లకూ వర్తిస్తుంది. ప్రార్థిస్తుండగా ఫోటో తీయించుకోవడం నాకు ఎన్నటికీ మింగుడుపడదు.

జీవితమంతా మిషనరీగా ఉండాలనిపిస్తోంది. ఇది పిలుపా, తాత్కాలిక ఉత్సాహమా?

యాత్రలో ఉండగా తేల్చుకోవద్దు, ఎవరికీ మాట ఇవ్వవద్దు. తిరిగివచ్చాక ఆరు నెలలు గడవనివ్వండి. ఆ కోరిక అప్పటికీ నిలిచి ఉంటే, దానితోపాటు భాష నేర్చుకునే ఓపిక, అక్కడి నాయకుల కింద పనిచేసే మనసు కూడా ఉంటే, సంఘ పెద్దల ముందు పెట్టండి. పౌలు బృందాన్ని ఆసియలో వాక్యం చెప్పకుండా ఆత్మ ఆటంకపరచాడు, బితూనియకు పోనివ్వలేదు. త్రోయలో దర్శనం కలిగాక కూడా, దేవుడు పిలిచాడని "మేము" నిశ్చయించుకున్నాం అని లూకా బహువచనంలో రాశాడు. మూసుకున్న తలుపులు, నలుగురి ఆలోచన, రెండూ పిలుపులో భాగాలే.

తిరిగివచ్చి నెల కాకముందే ఆ వేడి చల్లారిపోతోంది. ఎలా నిలుపుకోవాలి?

వేడి తగ్గడం సహజం. నిలుపుకోవలసింది వేడిని కాదు, అక్కడ బయటపడిన నిజాన్ని. నోట్‌బుక్‌ను మొదటి వారంలో ఒకసారి, మూడు నెలలకు మరోసారి చదవండి. మీలో ఏ కొరత కనబడిందో అక్కడ పని మొదలుపెట్టండి. ప్రార్థన ఊతలు లేకుండా నిలవలేదని తెలిసిందా, ఆ పదిహేను నిమిషాల నియమాన్ని ఇక్కడా కొనసాగించండి. అధికారం కోసం తగువు పడ్డారా, సంఘంలో ఎవరూ గమనించని పని ఒకటి అడిగి తీసుకోండి.

పౌలు, బర్నబా అంతియొకయకు తిరిగివచ్చి, సంఘాన్ని సమకూర్చి, దేవుడు తమకు తోడై ఉండి చేసిన కార్యాలను వివరించి, తరువాత చాలాకాలం శిష్యుల దగ్గరే ఉన్నారని ఉంది. ఆ చివరి మాటను మనం దాటేస్తాం. వచ్చిన వెంటనే మీ సంఘం చల్లగా ఉందని, మీ కాపరికి దర్శనం లేదని తోస్తుంది. ఆ మాట నోట రానివ్వకుండా కొన్ని నెలలు వారి మధ్య కూర్చోవడం కూడా ఆ యాత్రలో భాగమే. డెబ్బదిమంది సంతోషంగా తిరిగివచ్చి దయ్యాలు సైతం లోబడుతున్నాయని చెప్పినప్పుడు, దానికి సంతోషించవద్దు, మీ పేర్లు పరలోకమందు వ్రాయబడి ఉన్నందుకు సంతోషించండి అన్నాడు యేసు. బయలుదేరక ముందు కూడా ఆ పేర్లు అక్కడే ఉన్నాయి.

అక్కడ పరిచయమైనవారితో సంబంధం ఎలా కొనసాగించాలి?

ఇవ్వలేని మాట ఇవ్వకుండా ఉండటంతో మొదలుపెట్టండి. మళ్లీ వస్తాను, నీ చదువు నేను చూసుకుంటాను అని వీడ్కోలు వేళ భావోద్వేగంలో అనేసిన మాటను మీరు మరిచిపోయినా వారు లెక్కపెట్టుకుంటారు. డబ్బు సహాయం చేయాలనిపిస్తే వ్యక్తులకు నేరుగా కాకుండా అక్కడి సంఘ నాయకులతో మాట్లాడి చేయండి; లేకపోతే మీకు తెలియకుండానే వారి మధ్య అసూయలు రేగుతాయి. ఇద్దరి ముగ్గురి పేర్లు బైబిలులో ఒక కాగితం మీద రాసి ఉంచుకుని వారానికి ఒక రోజు వారి కోసం ప్రార్థించండి. ఏడాదికి రెండు ఉత్తరాలు రాయండి. అందులో మీ సంగతులు నాలుగు వరుసలు చాలు, మిగిలినదంతా వారి గురించి అడగండి.